కూర్చోలేని మూడు రోజులు

తొడ సందున, ఎవరికీ చెప్పుకోలేని చోట, ఆదివారం చిన్న పొక్కు లేచింది. సోమవారానికి సెగ్గడ్డయింది. నేను బెంగాలీల ఊళ్ళో, సుభాష్‌పల్లిలో ఒక బళ్ళో లెక్కల టీచర్ని. కూర్చుంటే ప్రాణం పోతోంది కాబట్టి పీరియడ్లన్నీ నిలబడే చెప్పాను. మంగళవారం మా హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్ రూములో అందరి ముందూ, "ఈవిణ్ణి చూసి నేర్చుకోండి, క్షణం కూర్చోదు!" అంది. నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాను. దగ్గితే ఇంకా నొప్పి.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు గుమ్మంలోనే పట్టేసింది.

"ఏటమ్మా, బాతులాగ నడుస్తన్నావు?"

"ఏం లేదత్తయ్యా."

"ఏటీ నేకపోతే కూకో మరి."

గత్యంతరం లేక చెవిలో చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె నవ్వితే నాకూ ఆగలేదు. తర్వాత వేణ్ణీళ్ళు కాచి, శుభ్రమైన గుడ్డ ముంచి పిండి, రోజుకు నాలుగుసార్లు పదేసి నిమిషాలు కాపడం పెట్టుకోమంది. "గిల్లకు, నొక్కకు, సూదితో పొడవకు. దానంతటదే సితకాల."

అది చితకలేదు. బుధవారానికి నిమ్మకాయంతయింది. చుట్టూ ఎరుపు పాకింది, ఒళ్ళు కాలిపోతోంది. నాకు భయమేసింది. "ఇంక ఇంటివైద్యం సాలు, పద" అని అత్తగారు బ్యాటరీ రిక్షా పిలిచింది. ఇందా పేటలో ఉన్న ఆసుపత్రి చేరేదాకా ప్రతి గతుక్కీ నేను "అమ్మో" అనడం, డ్రైవరు "ఠీక్ హై, దీదీ?" అనడం, అత్తగారు పకపకా నవ్వడం.

బెంగాలీ డాక్టరమ్మ కుర్చీ చూపించి, "బోషున్, బోషున్" అంది, కూర్చోమని.

"బోష్తే పార్బే నా!" కూర్చోవడం నావల్ల కాదని అత్తగారు గట్టిగా అరిచింది. బయట వరసలో ఉన్నవాళ్ళకీ వినిపించింది. నేను సిగ్గుతో చచ్చి, నవ్వుతో బతికాను.

డాక్టరమ్మ మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి చీము తీసేసింది. ఒళ్ళు దూదిపింజలా తేలిపోయింది. మాత్రలు రాసి, సుగర్ పరీక్ష కూడా చేయించుకోమంది. "జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా, మళ్ళీమళ్ళీ లేచినా సిగ్గుపడి ఆగకండి" అని హిందీలో మందలించింది.

దారిలో అత్తగారు నా చెవిలో, "నాకూ లేచిందే, పెళ్ళయిన కొత్తలో. పది రోజులు మీ మావయ్యకి సెప్పలేదు" అంది. ఏం సాకు చెప్పావని అడిగాను.

"నిలబడి తింటే బాగా అరుగుద్దన్నాను. ఆ మనిషి ఇప్పటికీ నిలబడే తింటాడు!"