మా వీధి నీళ్ల మీద ఒక ప్రశ్న

మా ఎమ్మెల్యే అసెంబ్లీలో ప్రశ్నలు బాగా అడుగుతాడని మొదట నాకు చెప్పింది ఆయన పీఏ. అప్పుడు నేను వాళ్ల ఆఫీసులో గోడ వారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. నా ముందున్న వాళ్లందరికీ టీ ఇచ్చి, సరిగ్గా నా దగ్గరికి వచ్చేసరికి ట్రే వెనక్కి తిప్పారు. అందులో ఇంకా రెండు కప్పులు ఉన్నాయి. నేను చూశాను.

చేప పిల్లల పంపిణీ, విలువిద్య శిక్షణ, చెరువుల్లో షికారు పడవలు, పాత కోటల మరమ్మతు, అంగన్‌వాడీ గుడ్ల సైజు, ఇట్లా సారు మంత్రులను అడగని విషయం లేదట. సారు కూర్చునేది చివరి వరుసలో. అక్కడ కూర్చున్నవాడు టీవీలో కనబడాలంటే ప్రశ్న అడగాల్సిందే. ఆ మాట పీఏ అనలేదు, నేనే అనుకున్నాను.

"మా వీధి నీళ్ల మీద అడిగిండా?" అన్నాను.

"మీ వీధి ఏది పెద్దాయనా?"

ఆ మనిషికి నేను మా వీధి ఎక్కడో అంతకుముందు ఎన్నిసార్లు చెప్పానో. ఒకసారి బొమ్మ కూడా గీసి చూపించాను.

మళ్లీ చెప్పాను. బోయిన్‌పల్లి నుంచి అల్వాల్ వైపు పోతుంటే రోడ్డు మీంచి లోపలికి ఉంటుంది మా వీధి. మా నల్లా పైపు పాతది, ఒకచోట మురికి మోరీలోంచే పోతుంది. నల్లా వదిలిన రోజు మొదటి బిందె నల్లగా, వాసనతో వస్తుంది. కాసేపటికి పసుపు రంగుకు తిరిగి, ఆ తర్వాత చూడటానికి మామూలుగా అయిపోతుంది. ఆ మామూలు నీళ్లు తాగే నా భార్యకు రెండుసార్లు కామెర్లయ్యాయి. రెండోసారి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకోసారి రానిస్తే నా దగ్గరికి తీసుకురావద్దు, పెద్దాసుపత్రికే తీసుకుపో అన్నాడు. అప్పటి నుంచి తాగడానికి, వండటానికి క్యాన్ నీళ్లు కొంటున్నాం. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు నల్లా నీళ్లే దిక్కు. గిన్నెలు కడిగాక ఆమె చివర ఒకసారి క్యాన్ నీళ్లు పోసి తొలుపుతుంది. ఎంత తొలిపినా ఆ పైపు ఉన్నంత కాలం నాకు నిద్ర పట్టదు.

పీఏ ఈసారి కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. నేను చెప్పింది ఒక్కటే: ఆ పైపు ఎప్పుడు మారుస్తారో అడగండి. అతను కొట్టింది ఇది: ఫలానా వీధిలో తాగునీటిలో మురుగునీరు కలుస్తున్న విషయం వాస్తవమేనా? అయినచో ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?

"వాస్తవమేనా అని అడిగితే కాదంటరు గదా. ఎప్పుడు మారుస్తరని అడుగుండ్రి," అన్నాను.

అతను పక్కనున్న వాడి వైపు చూసి నవ్వాడు. "పెద్దాయనా, అసెంబ్లీల గిట్లనే అడుగుతరు. దానికో పద్ధతి ఉంటది. నీ ఇంట్ల మోటర్ మెకానిక్‌ను అడిగినట్టు మంత్రిని అడుగుతారా?"

మెకానిక్‌ను అడిగితే కనీసం వచ్చి చూస్తాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ప్రశ్న పోవాలి కాబట్టి మింగాను.

కొన్నాళ్లకు నేను కూరగాయల మార్కెట్‌కు పోయి వచ్చేసరికి నా భార్య వరండాలో సంతోషంగా కూర్చుని ఉంది.

"నీళ్ల ఆఫీసు నుంచి ఇంజనీర్ సారొచ్చిండు. మన ప్రశ్న గురించేనట. పాపం ఎండల చెమటలు గక్కుకుంట వచ్చిండు. మంచోడు."

"నల్లా చూసిండా?"

"ఇయ్యాల నల్లా రాదు గద. తిప్పి చూసి, నీళ్లు రాకపాయెనని, జెర మంచినీళ్లియ్యమ్మా అన్నడు. ఇచ్చిన."

"ఏ నీళ్లిచ్చినవ్?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఏ నీళ్లిస్తరు? క్యాన్‌లయి ఇచ్చిన."

"అవి కొన్నవని చెప్పినవా?"

"నీళ్లిచ్చుకుంట, ఇవి కొన్నయ్ అని చెప్తారా ఎవరన్న?"

ఆమె మీద అరవబోయి ఆగాను. ఇంటికి వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇచ్చింది. మా ఇళ్లలో ఆడా మగా ఎవరైనా అదే చేస్తారు. ఆ ఇంజనీరుకు అది తెలుసు. ఏ ఇంట్లోనూ వచ్చినవాడికి మోరీ నీళ్లు పోయరని తెలిసీ అడిగి తాగి పోయాడు.

మా ప్రశ్న వంతు వచ్చిన రోజు పొద్దున్నే టీవీ ముందు కూర్చున్నాను. వీధిలోవాళ్లకూ చెప్పాను. నలుగురు వచ్చారు. మా ఎమ్మెల్యే లేచి ప్రశ్న నంబరు చదివాడు. మంత్రి లేచి, "సమాధానం సభ ముందుంచాను అధ్యక్షా" అని కూర్చున్నాడు. ఆ సమాధానం ఏమిటో టీవీ చూసేవాళ్లకు తెలియదు. అనుబంధ ప్రశ్న ఉంటే అడగమని స్పీకర్ అన్నాడు. ఇదిగో, ఇప్పుడు అడుగుతాడు, అని నేను ముందుకు వంగాను.

ఆయన ముందు ముఖ్యమంత్రికి కృతజ్ఞతలు చెప్పాడు. తర్వాత మంత్రికి చెప్పాడు. మంత్రి రాత్రింబవళ్లు కష్టపడుతున్నాడన్నాడు. ఆ తర్వాత, "అధ్యక్షా, ఇదే అవకాశంగా తీసుకుని మా ప్రాంతంలో చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ మంజూరు చేయాలని కోరుతున్నాను" అని కూర్చున్నాడు. మంత్రి పరిశీలిస్తామన్నాడు. బల్లలు చరిచారు.

మా పక్కింటాయన నా భుజం తట్టి, "పోనీయన్నా, నీళ్లు తాగకపోతే మాయె, చెరువు చుట్టు నడువొచ్చు," అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

సమాధానం కాగితం పీఏ వాట్సాప్‌లో పంపాడు. మొదటి దానికి: కాదండి. రెండో దానికి: ప్రశ్న ఉత్పన్నం కాదు. అంతే.

అది పట్టుకుని నీళ్ల ఆఫీసుకు పోయాను. ఏ ఇల్లో చెప్పగానే ఇంజనీరు గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. మర్యాదకు లోటు లేదు.

"ఇది రాసి పంపింది మీరే గద?" అన్నాను.

"నేనే సార్. పైనుంచి అడిగిండ్రు, చూసి రాసిన. మీ ఇంట్లనే నీళ్లు తాగి మరీ రాసిన. మేడం గారే ఇచ్చిండ్రు."

"అవి కొన్న నీళ్లు."

"అది నాకెవ్వరు చెప్పలేదు సార్."

"సరే, ఇప్పుడు చెప్తున్న. నల్లా రోజు రండ్రి, పట్టి చూపిస్త. మళ్లా రాసుకోండ్రి."

అతను కాగితం నా వైపు జరిపాడు. "మంత్రి గారు సభల కాదండి అన్నంక, నేను అవునని ఎట్ల రాస్త సార్? రాస్తే సారు సభల తప్పు చెప్పినట్టయితది. అంతకుముందు కంప్లైంట్ ఇచ్చినప్పుడు మనిషిని పంపేటోళ్లం. ఇప్పుడు అది సుత కష్టమే. మీరే అసెంబ్లీ దాక తీసుకుపోయిండ్రు."

ఒంటికి మోరీ నీళ్లు తగిలినట్టు అయింది నాకు. ఇతను పైకి చెప్పిన అబద్ధం మంత్రి నోట్లో నుంచి నిజమై కిందికి దిగివచ్చింది. దాని కింద ఇతనే హాయిగా కూర్చున్నాడు.

వారం తిరగకముందే మా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. మా సమస్యను శాసనసభలో వినిపించిన నాయకుడికి ధన్యవాదాలు. కింద వీధి ప్రజలు అని రాసి ఉంది. ఆ వీధి ప్రజల్లో నేనూ ఉన్నాను, నన్నెవరూ అడగలేదు. తర్వాత ఆయనే వచ్చాడు. ఫిర్యాదు చేసిన ఇల్లు కాబట్టి మా ఇంట్లో కూర్చుంటాడని పీఏ ముందే ఫోన్ చేసి చెప్పాడు.

అది నల్లా రోజు. నీళ్లు మామూలు రంగుకు వచ్చాక ఒక స్టీలు గ్లాసు నిండా పట్టి ట్రేలో పెట్టి ఉంచాను. ఆయన వచ్చి సోఫాలో కూర్చోగానే నా భార్య ట్రే ఎత్తింది. ఆగింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తల తిప్పి నన్ను చూసింది. లోపలికి పోయి గ్లాసు మార్చి తెచ్చింది.

ఆయన గటగటా తాగాడు. "నీళ్లు మంచిగనే ఉన్నయ్ గదమ్మా," అన్నాడు.

"అవి కొన్నయ్ సార్," అన్నాను నేను.

ఇంజనీరైనా తనకెవరూ చెప్పలేదన్నాడు. ఈయనకు ఆ సాకు కూడా అక్కర్లేకపోయింది. "కొనుక్కునుడు మంచిదే అన్నా. హెల్త్ ముఖ్యం," అని ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, ఫోటో దిగి వెళ్లిపోయాడు.

ఆయన కారు తిరిగేదాకా ఆగి ఆమెను అడిగాను. "ఎందుకు మార్చినవ్?"

"మీకేమన్న బుద్ధుందా? ఇంటికొచ్చినోడికి రోగం పోస్తారా? ఆయనకు కామెర్లయితే మన పైపు మారుతదా?"

ఆమె గ్లాసు తీసుకుపోయి నల్లా కింద కడిగి, క్యాన్ నీళ్లు పోసి తొలిపి బోర్లించింది.

పైపు మారేది. ఆయన ఆసుపత్రిలో పడుకున్న సాయంత్రానికే మా వీధి తవ్వేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.