పసుపు పూసిన మీటర్

నా చిన్నప్పుడు దసరా వస్తోందంటే నేను కొత్త బట్టల కోసం ఎదురుచూసేదాన్ని కాదు. మా మేనమామ పనిచేసే నాచారం మందుల ఫ్యాక్టరీలోకి పిల్లల్ని రానిచ్చేది ఆయుధ పూజ నాడు మాత్రమే. మామ అక్కడి ల్యాబులో కెమిస్టు. ఉప్పల్ నుంచి ఆయన సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని వెళ్లడం, గేటు దగ్గర వాచ్‌మన్ నాకు కూడా సలాం కొట్టడం, ఆ వైభోగం ఇంకెక్కడా ఉండేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, ల్యాబు సామానుకు బొట్లు పెట్టే పని నాకు అప్పగించారు. పెద్ద ముత్తయిదువలా పళ్లెం పట్టుకుని బయలుదేరాను. త్రాసుకు పెట్టాను, పొయ్యికి పెట్టాను, గోడ గడియారాన్నీ వదల్లేదు. మూలన ముల్లున్న ఒక పెట్టె, దానికి వైరు, వైరు చివర గాజు పుల్ల. పుల్ల కొసన బఠానీ గింజంత గాజు బుడ్డ గ్లాసు నీళ్లలో మునిగి ఉంది. అన్నీ బొట్లతో వెలిగిపోతుంటే ఇదొక్కటి తడిసి నిలబడడం చూసి నాకు జాలేసింది. బయటికి తీసి, లంగా అంచుతో తుడిచి, దానికి దట్టంగా పసుపు రాసి, కుంకుమ అద్ది, బంతిపూల పక్కన ఆరబెట్టాను.

పూజయ్యాక ప్రతి మిషన్‌నూ ఒకసారి నడిపి చూడడం అక్కడి ఆనవాయితీ. పెట్టె దగ్గరికి వచ్చి మామ ఆగిపోయాడు. పక్కనున్న ఇంకో కెమిస్టు నెత్తి పట్టుకున్నాడు.

"గిదేందన్నా! ఫ్యాక్టరీ మొత్తానికి ఉన్నది గీ పీహెచ్ మీటర్ ఒక్కటే. గా గాజు ఎండనే వద్దాయె. ఎల్లుండి మందు ఎట్ల పరీక్ష జేస్తం? పెద్దసారు నిన్నే అడుగుతడు."

నీళ్ల పులుపు కొలిచే ఆ మీటర్ బాధ్యత మామదే. నా వల్ల మామ ఉద్యోగం పోతుందనుకున్నాను. ఎవరూ అడక్కముందే, "నేను వెట్టలే" అనేశాను.

మామ బుడ్డను రుద్దకుండా సబ్బు నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో మెల్లగా కడిగి, మళ్లీ గ్లాసులో నానబెట్టాడు. గంటసేపు అందరూ పులిహోర తిన్నారు, నేను మాత్రం ముట్టలేదు. తర్వాత నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి రెండు సీసాలు తెచ్చాడు.

"సూడు బిడ్డ, ఈ సీసల నీళ్ల పులుపు లెక్క ఏడని మనకు ముందే తెల్సు. మీటర్ ఏమంటదో సూద్దాం."

ముల్లు ఎనిమిది దగ్గర ఊగింది.

"జర తప్పు జెప్తున్నది. ఫికర్ లేదు. ఎంత తప్పో తెల్సింది గద, సరిజేస్కుంటం."

మర తిప్పి ముల్లును ఏడుకు తెచ్చాడు. బుడ్డను కడిగి రెండో సీసాలో, నాలుగు అని తెలిసిన దాంట్లో, ముంచాడు. ముల్లు బుద్ధిగా నాలుగు మీద నిలబడింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఇగ నిన్ను సూడాలె. నీ చేతులు ఏ రంగున్నయ్?"

"పసుపు," అన్నాను.

"సరిగ్గనే జెప్పినవ్. ఇగ రెండో సీస. గా బొట్టు ఎవరు వెట్టిన్రు?"

"నేనే మామా."

మామ పగలబడి నవ్వాడు. "మా మేనకోడలు మంచిగనే పనిజేస్తున్నది!" అని అందరికీ వినబడేలా అన్నాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. నెత్తి పట్టుకున్న కెమిస్టే నాకు దగ్గరుండి పులిహోర వడ్డించాడు.

ఇప్పుడు ఉప్పల్లో మా ఫ్లాట్ వెనక గదిలో లైట్ల కింద, మట్టి లేకుండా, పైపుల్లో పారే నీళ్లలోనే పాలకూర పెంచుతున్నాను. ఆ నీళ్ల పులుపు చూసే మీటర్ ఇప్పుడు పెన్నంత అయింది. మొన్న ఆకులు పాలిపోతే మా కోడలు, చెడ్డ నీళ్లు పోశాడని ట్యాంకర్ అతన్ని తిట్టడం మొదలుపెట్టింది. ముందు, అంకె తెలిసిన సీసాలు తెమ్మన్నాను. ముంచి చూస్తే మా మీటరే తప్పు చెబుతోంది. నెల రోజులుగా దాన్ని సరిచూసినవాళ్లు లేరు. ట్యాంకర్ అతను బతికిపోయాడు.

"గా మీటర్ సూసే పని ఎవరిది అత్తమ్మా?" అంది కోడలు, నవ్వాపుకుంటూ.

"నాదే," అన్నాను. దసరాకు మీటర్ మూతకు మాత్రమే బొట్టు పెట్టే ఈ వయసులో కూడా, ఆ మాట అన్నాక నాకు వచ్చే నవ్వు ఎత్తు స్టూలు మీద కూర్చున్న ఆ పిల్లదే.