మైకు చూపిన దారి

చేతిలో ఫోను లేని ఆ రోజుల్లో, డిసెంబరు మంచు గోదావరి మీద దిగిందంటే అవతలి ఒడ్డు ఉన్నదని నమ్మడానికి విశ్వాసం ఒక్కటే ఆధారం. నాకది కావలసినదానికంటే ఎక్కువే ఉండేది. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా మొదటి బహుమతి నాదే. యూత్ మీటింగులో నేను ప్రార్థన అందుకుంటే, ఇక ముగించమన్నట్టు వెనక నుంచి ఎవరో ఒకరు దగ్గేవారు. (అది చలికాలపు దగ్గని చాలా ఏళ్ళు అనుకున్నాను.) ఇరవై మూడేళ్ళ వయసులో, లోకంలో నాకు తెలియనిది ఏదైనా ఉంటుందన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

ఆ ఏడే కోనసీమలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారుగా చేరాను. మా ఊరు గోదావరికి ఇవతల, మొగల్తూరు దగ్గర. నాన్నగారు అక్కడి సంఘంలో పెద్ద. నేను బైబిలు ట్రైనింగుకు వెళ్ళి పాస్టరుని కావాలని ఆయన ఆశ. అందుకని ఉద్యోగంలో చేరిన దగ్గర నుంచి నాతో మాటలు తగ్గించేశారు. అలాంటి మనిషి దగ్గర నుంచి డిసెంబరు మొదట్లో ఒక కార్డు ముక్క వచ్చింది. క్రిస్మస్ ఆరాధనలో వాక్యం నువ్వు చదవాలి, పది గంటలకు, అని రెండే ముక్కలు. మా సంఘంలో అది చిన్న సంగతి కాదు. ఏటా ఒక్కరి పేరే ముందు ఆదివారం ప్రకటిస్తారు. ఒకసారి పేరు ప్రకటించాక, ఆ మనిషి వచ్చేదాకా ఆ భాగం ఇంకెవరూ తెరవరు, పాటలు పాడుతూ కూర్చుంటారు. (పూర్వం ఒకాయన జ్వరంతో మంచం మీద మోయించుకుని వచ్చి చదివాడని గొప్పగా చెప్పుకునేవారు.) ఆ కార్డు జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరిగాను.

తీరా చూస్తే, అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్ది అప్పగించేసరికి ఇరవై నాలుగు సాయంత్రం అయిపోయింది. నేను సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి జనాన్ని ఏరు దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోయింది. తెలిసిన విశ్వాసి ఇంటి అరుగు మీద పడుకుని, తెల్లారి రేవులోకి వెళితే గోదావరి లేదు. మెట్లు ఉన్నాయి, మూడో మెట్టు దగ్గర నుంచి తెల్లటి మంచు ఉంది. మంచు విడిచేదాకా పంటు కదలదన్నారు. ఒక ఇంజను పడవ నడిపే సరంగును పట్టుకుని, విశ్వాసముంటే కొండలే కదులుతాయని మొదలుపెట్టాను. ఆయన బీడీ ఆర్పి, "కొండ కదిలితే కనపడుద్దండి మాస్టారూ. ఇందులో ఏది కదిలినా కనపడదు" అన్నాడు. అయినా వదల్లేదు. నాన్నగారి కార్డు చూపించాను. దాంతో మనిషి మెత్తబడ్డాడు. క్రిస్మస్ పూట నరసాపురం మార్కెట్టుకు రొయ్యలు చేర్చాలని ఒక పిన్ని బుట్టతో ఎక్కి కూర్చుంది. ముగ్గురం బయలుదేరాం. అప్పటికి ఏడు గంటలు.

పావుగంట గడిచేసరికి నా చొక్కా గుండీలు మంచుకు తడిసిపోయాయి. పడవ ముందు కొయ్య కూడా కనిపించడం లేదు. ఇంతలో పక్కన ఏదో గీరుకుంది. వలలు కట్టే వెదురు గెడ. పిన్ని దాన్ని రెండు చేతులా పట్టుకుని పడవను ఆపింది. సరంగు ఇంజను ఆపేశాడు. పడవ ఎటు తిరిగిందో తనకు తెలియడం లేదని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే, కుడి పక్క నుంచి, సన్నగా, మైకులో క్రిస్మస్ పాట.

నేను లేచి నిలబడ్డాను. (పడవలో లేవకూడదని ఇద్దరూ ఒకేసారి కసిరారు.) అది నరసాపురం వైపు నుంచే వస్తోందని, ఆ పాట ఎత్తుకున్న గొంతు కూడా నేనెరుగుదునని చెప్పాను. పిన్ని గెడ దగ్గర నీటిని చూస్తూ, "పోటు నీరు పైకెళ్తంది. నరసాపురం ఎదురుగా ఉంటే నీరు ఎడం పక్క నుంచి కుడి పక్కకి పోవాల. ఆ పాట వంక తిరిగితే కుడి నుంచి ఎడానికి పోతంది. అటు కాదు బాబూ" అంది. బాలయేసును వెదుక్కుంటూ వచ్చిన జ్ఞానులకు దారి చూపించింది నక్షత్రమనీ, ఈ ఉదయం మనకు ఆ మైకే నక్షత్రమనీ, దేవుడు దారి చూపిస్తుంటే నీళ్ళ వంక చూడడం అవిశ్వాసమనీ నేనొక చిన్న ప్రసంగం చేశాను. చదువుకున్నవాడి మాట కాదనలేక సరంగు పడవ తిప్పాడు. పిన్ని బుట్ట మీద తడిగుడ్డ సర్దుకుంటూ, "పదండి, మీ నక్షత్రం చూసొద్దాం" అంది.

పాట దగ్గరయ్యే కొద్దీ నాకు ధైర్యం పెరిగింది. మెట్లు కనిపించాయి. ముందుగా దూకాను. ఎదురుగా టీ కొట్టు. పొద్దున నాకు టీ ఇచ్చిన మనిషే, అదే గ్లాసు కడుగుతూ, "మళ్ళీ వచ్చేశారేంటండి మాస్టారూ, సంచీ మర్చిపోయారా?" అని అడిగాడు.

ప్రతి రేవులోనూ ఒక చర్చి ఉంటుందనీ, క్రిస్మస్ నాడు అన్ని చర్చిలూ అవే పాటలు పాడతాయనీ నాకు అప్పుడు తట్టింది. ఎనిమిదిన్నర దాటింది. మెట్టు మీద కూలబడ్డాను. ఇక ఈ జన్మలో నాన్నగారు నాతో మాట్లాడరనుకున్నాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూస్తే ఒక్క మాట రాలేదు. గంటల తరబడి ప్రార్థించగల వాణ్ణి. పిన్ని దిగలేదు. రొయ్యలు ఆలస్యమైపోతున్నాయని ఆవిడ నన్నొక్క మాట అనలేదు. "ఎక్కండి మాస్టారూ. ఈసారి మీరు కళ్ళు మూసుకునే ఉండండి, నేను నీళ్ళు చూస్తా" అంది.

ఈసారి ఆవిడ ముందు కూర్చుంది. గెడ తగిలినప్పుడల్లా పడవను ఆపి, నీరు ఎటు పోతోందో చూసి చెయ్యి చాపేది. సరంగు ఆ చెయ్యి ఎటుంటే అటు తిప్పేవాడు. నేను నోరు మెదపలేదు. (అంతసేపు నేను మౌనంగా ఉన్న సందర్భం అంతకుముందు లేదని అమ్మ తర్వాత లెక్క తేల్చింది.) నరసాపురం రేవు తగలగానే బస్సు కోసం పరుగెత్తాను. ఆవిడకు మాట వరసకైనా కృతజ్ఞత చెప్పలేదు. ఆ బస్సూ మంచులో లైట్లు వేసుకుని నత్తలా నడిచింది.

చర్చి గుమ్మంలోకి వెళ్ళేసరికి పదకొండుంబావు. పాడుతున్నారు. పాటల పుస్తకంలో క్రిస్మస్ పాటలన్నీ అయిపోయి, పెళ్ళి పాటల్లోకి వచ్చేశారట. అందరి గొంతులూ బొంగురుపోయాయి. నన్ను చూడగానే మధ్య చరణంలోనే ఆపేశారు. నాన్నగారు పుల్పిట్ దగ్గర నిలబడి, మూసి ఉన్న గ్రంథం మీద చెయ్యి వేసి ఉన్నారు. పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. గ్రంథం తెరిచి చదివాను. గొర్రెల కాపరులు త్వరత్వరగా వెళ్ళారన్న చోటుకు వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత సంఘమంతా నవ్వింది.

భోజనాల దగ్గర జరిగిందంతా చెప్పాను. చివర్లో నన్ను నేను కాపాడుకోవడానికి, జ్ఞానులు కూడా మొదట దారి తప్పి హేరోదు రాజు ఇంటికే కదా వెళ్ళారు అన్నాను. నాన్నగారు నా విస్తట్లో ఇంకో ముక్క వేసి, "వాళ్ళు దారి అడిగార్రా. నువ్వు చెప్పావు" అన్నారు. ఆర్నెల్ల తర్వాత ఆయన నాతో అన్న మొదటి పూర్తి మాట అదే. అంత రుచిగా ఏ క్రిస్మస్ భోజనమూ తినలేదు.

ఇప్పుడు ఆ పుల్పిట్ దగ్గర సంఘ పెద్దగా నేను నిలబడుతున్నాను. నా ప్రార్థనలు పొట్టివైపోయాయి, దగ్గేవాళ్ళు తగ్గారు. డిసెంబరు మంచులో ఎక్కడైనా మైకు వినబడితే ఇప్పటికీ అది మా చర్చేనని ముందు నా తల అటే తిరుగుతుంది. తిరిగాక ఆగి, పక్కనున్న వాళ్ళెవరినైనా అడుగుతాను. ఆ పిన్ని పేరు ఆనాడు అడగలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ప్రార్థనలో 'రొయ్యల బుట్ట పిన్ని' అనే అంటాను. ఎవరి సంగతో దేవునికి తెలుసు, నేను మళ్ళీ దారి చెప్పనక్కర్లేదు.