భూమికి ప్లస్సా, మైనస్సా

శనివారం రెండో పీరియడ్‌లో మానిటర్ ఆరిపోయింది. అప్పటికి కొన్నాళ్ళుగా అది నన్ను ఏడిపిస్తూనే ఉంది. పొద్దున ఆన్ చేస్తే బొమ్మ రావడానికి చాలాసేపు పట్టేది. వచ్చాక కూడా అంచులు లోపలికి ముడుచుకుపోయి, అక్షరాలు వణికేవి. అమ్మాయిలు నవ్వేవాళ్ళు. ఆ రోజు నవ్వడానికి కూడా ఏమీ మిగల్లేదు. తెర నల్లబడిపోయి, లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం వచ్చింది.

రాయ్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్న రోజులవి. నేను ఆడపిల్లల హిందీ మీడియం స్కూల్లో కంప్యూటర్ టీచర్ని, అదీ టెంపరరీ. స్కూలు మొత్తానికి కంప్యూటర్ ఒక్కటే. సోమవారం పన్నెండో తరగతి వాళ్ళకి ప్రాక్టికల్ పరీక్ష, బయటినుంచి ఎగ్జామినర్ వస్తున్నాడు. ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి ముందు తెరని చూసింది, తర్వాత నన్ను చూసింది. మెషీన్‌ని రోజుకి గంటకన్నా ఎక్కువ నడపొద్దని ఆవిడ ఎప్పుడో చెప్పింది. గంటలో అంతమంది పిల్లలు మౌస్ పట్టుకోవడం కూడా కుదరదని నేను ఆ మాట పక్కన పెట్టేశాను. అందుకు ఇప్పటికీ నాకేమీ విచారం లేదు.

"సోమవార్ కో నహీఁ చలా, తో ఆప్ భీ మత్ ఆయియే," అంది. సోమవారం ఇది నడవకపోతే మీరు కూడా రానక్కర్లేదని. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, కాస్త కడుపులో మంటైనా తగ్గేది.

డిప్లొమా చేసి ఎక్కడికి వెళ్ళినా, అనుభవం ఉందా అని అడిగి పంపించేస్తుంటే దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగం అది. ఇది పోతే పోవడం ఒక్కటే కాదు, మెషీన్ పాడుచేసిన మేడమ్ అని ఊళ్ళో మిగతా స్కూళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఊళ్ళో మానిటర్లు చూసే మెకానిక్ పవర్ సప్లై పోయిందన్నాడు, నాగపూర్ పంపాలన్నాడు, ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు. అద్దెకి ఇంకో మానిటర్ ఇమ్మని అడిగిన చోటల్లా లేదన్నారు. చివరికి ఆ బరువుని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఇంట్లో నాన్న ఉన్నాడు.

నాన్న రైల్వే టెలిఫోన్లలో పనిచేసి రిటైరయ్యాడు. తెనాలి దగ్గరి పల్లె నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మందిర్ హసౌద్ అవతల ఎక్కడో లైన్ మీద ఫోన్ మూగబోయిందంటే అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయేవాడు. చేతులు ఇప్పటికీ వణకవు. కళ్ళే మోసం చేశాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు, నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. రెండో కన్ను పాల మీగడ కట్టినట్టు ఉంది.

వెనక డొప్ప విప్పించి, "కండెన్సర్లు చూడు. గుండ్రంగా, నిలబడి ఉంటాయి. పైన ఉబ్బాయా?" అన్నాడు. మేం కెపాసిటర్ అనేదాన్ని ఆయన తరం వాళ్ళు కండెన్సర్ అనేవాళ్ళు.

"మూడు ఉబ్బాయి నాన్నా. పూరీల్లా."

"ఇంతేనా! దీనికి నాగపూర్ దాకానా?" అని నవ్వాడు. వాటి మీది అంకెలు చదివించుకుని, అవే అంకెలవి తెమ్మని పంపాడు. బజార్లో రేడియో సామాన్ల దుకాణం మూసేలోపు పరిగెత్తి తెచ్చాను. ఇంటికొచ్చేసరికి కరెంటు పోయింది. ఇంక ఆ రోజుకి రాలేదు.

మిగిలింది ఆదివారం. మా ఇంట్లో ఆదివారం అంటే ఆదివారమే. మంచం కోడు విరిగినా సోమవారం దాకా మమ్మల్ని నేల మీద పడుకోబెట్టిన మనిషి నాన్న. డ్యూటీ ఉంటే తప్ప ఆ రోజు స్క్రూడ్రైవర్ ముట్టేవాడు కాదు. అలాంటిది ఆరాధన ముగించుకుని చర్చి నుంచి వచ్చీ రాగానే చొక్కా మార్చుకుని మానిటర్ ముందు కూర్చున్నాడు. అమ్మ వింతగా చూసింది.

"ఏవండీ, ఇవాళ ఏ వారమో గుర్తుందా?"

"పిల్ల డ్యూటీ పోతందే. నువ్వు ఆసుపత్రిలో ఆదివారం సూదులు పొడవలా?" అన్నాడు. అమ్మ నర్సు. వెళ్ళి స్పిరిట్ సీసా, దూది తెచ్చి పక్కన పెట్టింది.

ఆయన కళ్ళు, నా చేతులు. ఒప్పందం అది. కాదు, ఆయన నోరు, నా చేతులు. "ఎడమ చెయ్యి వీపు వెనకాల పెట్టుకో. ఒక చేత్తోనే పని చెయ్యి," అని మొదలుపెట్టాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందట. ట్యూబు నెత్తిన అంటుకున్న ఎర్ర తీగ జోలికి పోవద్దన్నాడు. అన్నిటికన్నా లావుపాటి కండెన్సర్ మెషీన్ ఆపాక కూడా కరెంటు దాచుకుంటుంది. దాని కాళ్ళకి బల్బు తీగలు ఆనించి ఖాళీ చెయ్యమన్నాడు. బల్బు వెలగలేదు. "నిన్నటికే ఇంకిపోయి ఉంటది. అయినా నమ్మకూడదు," అన్నాడు.

ఉబ్బిన మూడింటినీ ఒకేసారి తీయించాడు. ఒకటి తీసి దాని చోట కొత్తది పెట్టాక రెండోదానికి పోదామని నేను అన్నాను. "పాతవన్నీ తీసి, బోర్డు తుడిచి, అప్పుడు కొత్తవి. మా పద్ధతి అది," అన్నాడు. ఆ పాతవి కారిన జిగురు బోర్డు మీద గోధుమరంగులో గట్టిపడి ఉంది. స్పిరిట్ దూదితో రుద్దేసరికి జిగురుతో పాటు బోర్డు మీది అచ్చు గుర్తులు కూడా లేచిపోయాయి. ఏ కాలు ఏ రంధ్రంలోకి పోవాలో చెప్పే గుర్తులు అవే.

కండెన్సర్‌కి రెండు కాళ్ళు, ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. మైనస్సు వైపు ఒంటి మీద చార ఉంటుంది. తిరగేసి పెడితే కరెంటు ఇచ్చిన కాసేపటికి పేలుతుంది. పేలితే మళ్ళీ తేవడానికి ఆదివారం దుకాణం లేదు, సోమవారం పొద్దున్నే పరీక్ష.

"ఇప్పుడెట్టా నాన్నా?"

"ఎట్టా ఏముంది. బోర్డు అంచు చుట్టూ వెడల్పాటి రాగి పట్టీ ఉంటది చూడు. అది భూమి, ఎర్తు. ప్లస్సు కాలు దాంట్లోకి దించు."

నా చెయ్యి ఆగిపోయింది. "భూమికి మైనస్సు కదా?"

"ప్లస్సు."

"మాకు డిప్లొమాలో అన్ని బొమ్మల్లోనూ మైనస్సే చూపించారు."

"ప్లస్సు భూమిలో ఉంటేనే తీగ చెడదు. ఈ మాత్రం చెప్పలేదా మీ డిప్లొమాలో? ఆరంగ్ దాకా ఏ స్టేషన్‌కైనా పోయి బ్యాటరీ చూసిరా. ప్లస్సు కొస నేలలోనే ఉంటది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. రైల్వే టెలిఫోన్లకి నిజంగానే ప్లస్సునే నేలలోకి దింపుతారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పాదాల కింద ఉన్న భూమి ప్లస్సు భూమి. నా ఒళ్ళో ఉన్నది మానిటర్ బోర్డు, ఆయన ఫోన్ కాదు. బోర్డంతా వెతికితే ఒక మూల ఉబ్బకుండా మిగిలిన చిన్న కండెన్సర్ కనిపించింది. దాని చార ఉన్న కాలు ఆ పట్టీలోనే దిగి ఉంది.

"ఇదిగో నాన్నా, ఇక్కడ మైనస్సే ఉంది, చూడు," అని బోర్డు ఆయన మొహం దగ్గర పెట్టాను.

నాన్న నల్లద్దాలు తీశాడు. బోర్డుని దగ్గరికి లాక్కున్నాడు, దూరం జరిపాడు, కిటికీ వైపు తిప్పాడు. ఆ సన్నటి చార ఆయనకి కనిపించలేదు.

"నాకు కనపడదని ఆడుకుంటన్నావా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నాకూ కోపం వచ్చింది. "ఆడుకోవడానికి ఇవాళే దొరికిందా నాకు? రేపు పోయేది నా ఉద్యోగం!" అని అరిచాను.

"అయితే నీ ఉద్యోగం, నీ ఇష్టం. మర్జీ నీది. ఒక్కదాన్ని చూసి మూడింటికి చెప్పే పంతులమ్మవి," అని లేచి, గోడ పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

సోల్డరింగ్ ఐరన్ పొగ కక్కుతోంది. నాన్న చెప్పింది తప్పని అనుకోవడం నాకు అలవాటు లేని పని. ఆయన ప్రకారమే పెట్టేద్దామా అని కూడా అనిపించింది. పేలితే కనీసం తప్పు నాది కాదు, నాన్నే చెప్పాడు అనుకోవచ్చు. అంత పిరికి ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన అన్నదాంట్లో ఒక మాట నిజమే, నేను చూసింది ఒక్కదాన్నే. మిగతా మూడూ అలాగే ఉంటాయని నాకు ఎవరూ రాసివ్వలేదు. బోర్డుని కిటికీ దగ్గర పెట్టుకుని మూడు చోట్లా పట్టీని వేలితో వెతుక్కుంటూ, మైనస్సుని భూమికి దించి అతికాను.

కరెంటు ఇచ్చే వేళకి నాన్న గుమ్మంలో ఉన్నాడు. "ఎటు పెట్టావు?" అన్నాడు.

"మైనస్సు."

నాన్న లోపలికొచ్చి, నా భుజం పట్టుకుని వెనక్కి లాగి, నాకూ డొప్ప విప్పిన మానిటర్‌కీ మధ్య నిలబడ్డాడు. "నువ్వు అమ్మ దగ్గరికి పో. స్విచ్ నేనేస్తా."

అది పేలుతుందని ఆయన నమ్మకం. అలా నమ్మి కూడా నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏవండీ, కన్ను! ఆపరేషనైన కన్ను!" అని అమ్మ కేక పెట్టింది. నేను ఆయన చెయ్యి పట్టుకోబోయేలోపే స్విచ్ పడింది.

టక్కుమని ఒక శబ్దం. అమ్మ నా మణికట్టు విరిగేలా పట్టుకుంది. నాన్న కళ్ళు మూసుకుని, మొహం పక్కకి తిప్పి నిలబడ్డాడు, కాని కదల్లేదు. నేను ఆ మూడు కండెన్సర్ల వైపే చూస్తున్నాను. ఉబ్బుతాయేమో, పొగ వస్తుందేమో. నేనే పొరపాటు పడి ఉంటే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదని ఆ క్షణంలో తెలిసింది. ట్యూబు సన్నగా కూత పెట్టింది. కూత ఆగలేదు. తెర మీదికి మెల్లగా వెలుగు వచ్చింది. కంప్యూటర్ స్కూల్లోనే ఉంది కాబట్టి అక్షరాలు రావు. ఊరికే తెల్లటి వెలుగు, నాలుగు మూలలా, వణక్కుండా.

"వచ్చింది నాన్నా," అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి, చేత్తో వెతుక్కుని నా తల మీద చెయ్యి వేశాడు. తర్వాత వెళ్ళి పడుకున్నాడు.

సోమవారం పరీక్ష అయింది. ఆఖరి అమ్మాయి లేచేదాకా తెర వెలుగుతూనే ఉంది. మేడమ్ ఎగ్జామినర్‌కి చాయ్ ఇప్పిస్తూ, రేపు పదో తరగతి వాళ్ళని కూర్చోబెట్టమని నాతో మామూలుగా అంది. అంతే, ఉద్యోగం నిలబడింది.

సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. చెప్పాను. తల ఊపాడు.

"మైనస్సే అన్నమాట భూమికి."

"దీనికి మైనస్సు నాన్నా. మీ ఫోన్లకి ప్లస్సే. నువ్వు చెప్పింది తప్పు కాదు."

"ఆ ఫోన్లన్నీ పీకేస్తన్నారు కదమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో ఫ్యూజు పోయినా నాన్న ముందు నన్ను పిలిచేవాడు. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయి, చూపు బాగా వచ్చాక కూడా అంతే. తీగ చేతిలో పట్టుకుని, "ఇది ఎటమ్మా?" అని అడిగి, నేను చెప్పేదాకా ఆగేవాడు. ఒక్కసారి, ఒక్కసారి నా మాట కాదని కసిరితే బాగుండునని ఆయన పక్కన నిలబడి ఎదురుచూసేదాన్ని. ఆయన నేను చెప్పినట్టే చేసేవాడు.