సెల్లార్ గది అడ్రస్

యూనివర్సిటీలో నా మొదటి రెండు నెలలు చెప్పులు దాచుకోవడంతోనే గడిచాయి. ఇంటర్ అయిపోగానే చేరే ఐదేళ్ల కోర్సు మాది. ఆ కోర్సుకు క్యాంపస్‌లోనే వేరే కాలేజీ, వేరే హాస్టళ్లు. నాకు కోర్సులో సీటొచ్చింది కానీ హాస్టల్ రాలేదు. రెండో సంవత్సరం చదివే ఒక అక్క జాలిపడి తన గదిలో కింద పరుపు వేసుకోనిచ్చింది. ఇలా దొంగచాటుగా ఉండేవాళ్లను మా దగ్గర గెస్టులంటారు. పేరుకే మర్యాద. కేర్‌టేకర్ ఆంటీ పొద్దున్నే వరండాలో నడుస్తూ తలుపుల ముందు చెప్పులు లెక్కపెట్టేది. ఇద్దరుండాల్సిన గది ముందు మూడో జత కనబడిందా, ఇక తలుపు బాదుడే. అందుకని నా చెప్పులు కవర్లో, కవరు మంచం కింద. ఆమె నడుముకున్న తాళాలు గలగలమంటే నా పై ప్రాణాలు పైనే పోయేవి.

హాస్టల్ ఎందుకు రాలేదంటే, నా ఆధార్ కార్డులో కొత్తగూడ అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉంది. సిటీలో ఇల్లున్నవాళ్లకు హాస్టల్ చిట్టచివరన ఇస్తారు. గ్యాస్ కనెక్షన్ కోసమని నాయినే ఆ అడ్రస్ వేయించాడు. అపార్ట్‌మెంట్ పేరు చివర ‘హైట్స్’ అని ఉంటుంది. మేముండేది మాత్రం సెల్లార్లో, జనరేటర్ పక్క గదిలో. నాయిన అక్కడ వాచ్‌మన్. అమ్మ ఐదు ఫ్లాట్లలో పని చేస్తుంది. ఒకటే గది, నలుగురం. పుస్తకం తెరిచానో లేదో పైనుంచి ఎవరో ఒకరు పిలిచేవాళ్లు: మోటర్ వెయ్యమని, పార్సిల్ తెచ్చిమ్మని. ఇంటర్ ఎట్లా గట్టెక్కానో నాకే తెలియదు. ఐదేళ్లు అక్కడుండి చదవడం నా వల్ల కాదని మాత్రం తెలుసు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. అడ్మిషన్ రోజు నాయిన, ఫ్లాటు సారు ఒకాయన ఇచ్చిన తెల్లచొక్కా వేసుకుని నాతో వచ్చాడు. క్యూలో నా ముందున్న అమ్మాయి, “అంకుల్ ఏం చేస్తారు?” అని మామూలుగానే అడిగింది. ఆయన నోరు తెరిచేలోపు నేను అందుకుని, “కొత్తగూడలో మాకు ఫ్లాటుంది” అన్నాను. అడిగిందొకటి, చెప్పిందొకటి! బయటికొచ్చాక నాయినకు కూడా చెప్పాను.

“నాయినా, ఈడ ఎవరడిగినా వాచ్‌మన్ అని చెప్పకు. ఫ్లాటు మనదే అని చెప్పు.”

నాయిన “సరే బిడ్డా” అన్నాడు. అంతే.

హాస్టల్ రాలేదంటే ‘ఇంటి నుంచే పోయిరా’ అంటారని, వచ్చిందని ఇంట్లో అబద్ధమాడాను.

రెండు నెలలకు రెండో లిస్టు వేస్తారని తెలిసి వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. “ఇంట్లో చదువుకునే వీల్లేని వాళ్లకి ఇస్తామమ్మా. ఉన్నదున్నట్టు రాసివ్వు. మేం ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటాం” అన్నారావిడ. సెల్లార్ గది, వాచ్‌మన్ ఉద్యోగం, అన్నీ రాసిచ్చాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద సులువుగానే వచ్చింది. కానీ ఫోనొస్తుందని నాయినకు చెప్పాలంటే, ఇన్నాళ్లూ హాస్టల్ లేదని కూడా చెప్పాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నానబెట్టాను. రోజుకు నాలుగుసార్లు నోటీసు బోర్డు చూసేదాన్ని. అన్నం సయించేది కాదు.

శుక్రవారం ఆఫీసులో క్లర్కు సారు నా అప్లికేషన్ బయటికి తీశారు.

“మీ నాన్నగారితో మాట్లాడానమ్మా. సొంత ఫ్లాటంట, మూడు బెడ్రూములంట. నువ్వేమో సెల్లార్ అని రాశావ్. తప్పుడు సమాచారమిస్తే హాస్టల్ సంగతి దేవుడెరుగు, కోర్సులో సీటే పోతుంది. సోమవారం మేడమ్ లిస్టు మీద సంతకం పెడతారు. ఈలోపు ఏది నిజమో తేల్చు.”

అట్నుంచి అటే షేర్ ఆటో ఎక్కి కొత్తగూడ వెళ్లాను. నాయిన గేటు దగ్గరే ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం చేటంత చేసుకున్నాడు.

“మీ కాలేజోళ్లు ఫోన్ జేసిండ్రు బిడ్డా! నేనేమన్న తక్కువ తిన్ననా? మూడు బెడ్రూముల ఫ్లాటు మాదే అన్న. లిఫ్టు గూడ ఉందని చెప్పిన. నీ ఇజ్జత్ పోనిస్తనా?”

ఇంతలో కారొకటి వస్తే పరుగెత్తి గేటు తీసి, సెల్యూట్ కొట్టి, మళ్లీ నవ్వుకుంటూ నా దగ్గరికొచ్చాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎవరి మీదో నాకు తెలుసు. తిట్టుకోవడానికి కూడా ఇంకెవరూ లేరు.

“నాయినా, సోమవారం నువ్వు నాతోటి కాలేజీకి రావాలె. ఈ డ్యూటీ బట్టల మీదనే” అన్నాను.

“గీ బట్టలెందుకే? నలుగురు జూస్తే నీకు...”

“చూడనీ.”

ఆ శని, ఆదివారాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. పుస్తకం పట్టుకుంటే ఒక్క అక్షరం ఎక్కలేదు.

సోమవారం ఆఫీసులో పదిమంది దాకా అమ్మాయిలు నిలబడి ఉన్నారు. నా ఖర్మ, అడ్మిషన్ రోజు క్యూలో ఉన్న అమ్మాయి కూడా వాళ్లలో ఉంది. నాయిన చెప్పులు గుమ్మం బయటే విడిచి, టోపీ చేతిలో పట్టుకుని లోపలికొచ్చాడు. క్లర్కు సారు ఆయన నీలం చొక్కా వైపు, భుజం మీది సెక్యూరిటీ బిళ్ల వైపు చూశారు.

“మరి ఫోన్లో అలా ఎందుకు చెప్పారండీ?”

నాయిన నావైపు చూడనైనా చూడలేదు. “తప్పైంది సార్. నేనే గొప్పలకు పోయిన. బిడ్డకేం ఎరుక లేదు” అన్నాడు.

నేను ఊరుకుంటే సరిపోయేది, పని కూడా అయిపోయేది.

“కాదు సార్. అట్ల చెప్పమని నేనే చెప్పిన. మా నాయిన వాచ్‌మన్ అని చెప్పుకోవడానికి నాకు సిగ్గయింది.”

క్లర్కు సారు మా ఇద్దరితో సంతకాలు పెట్టించుకుని మేడమ్ గదిలోకి వెళ్లారు. అరగంట తర్వాత బయటికొచ్చి రూమ్ నంబరున్న చీటీ చేతిలో పెట్టారు.

నాయినకు డ్యూటీ టైమవుతోంది. మెయిన్ గేటు దాకా ఇద్దరం నడిచాం. బస్టాప్ దగ్గర ఆగి, ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“హాస్టల్ ఎప్పుడో వచ్చిందంటివి గద. మరి గిన్ని దినాలు యాడున్నవ్ బిడ్డా?”

“ఒక అక్క రూములో నాయినా. కింద పండుకున్న.”

బస్సొచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

“మన గదిల గూడ కిందనే గద బిడ్డా పండేది. ఇంటికొస్తే అయిపోతుండె గద.”