ఒంటరి వైరుకు నేను చేసిన పెళ్లి

ఒక్క వైరు కొసతో ఒక అంగడిని మూయించబోయిన ఘనత నాది. మా ఆయన పోయాక నాకింక పోవడానికేమీ మిగల్లేదనుకున్నాను. మిగిలింది, ఉద్యోగం. ఆయుధపూజ పేరు చెప్పి దాన్ని కూడా గంధం పూసి, పూలు పెట్టి, దగ్గరుండి సాగనంపబోయాను. చెబుతాను, నవ్వండి. నాకు సంతకం వరకే అక్షరాలు, గొంతేమో రంపం. ఆ రెంటికే మా వీధి వీధంతా నవ్వుతుంది, మీరెందుకు మొహమాటపడాలి?

మాది బెంగళూరు నగర్తపేట సందులో మేడమీది టెస్టింగ్ అంగడి. కింద గాజుల హోల్‌సేల్ దుకాణం. గాజులు తీసేసినదాన్ని రోజూ ఆ గలగలల పక్క నుంచే మెట్లెక్కాలి. దేవుడికి హాస్యం ఎక్కువ. పైన మీటర్లుంటాయి. కంపెనీలు తయారుచేసిన కరెంటు పెట్టెలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో అవి కొలుస్తాయి. మా ఆయన ఆ మీటర్ల ముందు కూర్చుని, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి గట్టిగా చెప్పేవాడు. ఆయన పోయాక యజమాని నారాయణప్ప నన్ను ఊడ్చి తుడవడానికి పెట్టుకున్నాడు. మా ఆయన కుర్చీలోకి గుంటూరు నుంచి కీర్తన అనే ఇంజనీరు పిల్ల వచ్చింది.

వచ్చీ రాగానే మీటర్లన్నిటికీ వైర్లు తగిలించింది. ఆ వైర్లన్నీ బల్ల కింద ఒక నల్ల పెట్టెలోకి చేరతాయి, అక్కడి నుంచి కంప్యూటరులోకి.

"ఇక ఎవరూ చూసి చెప్పక్కర్లేదు ఆంటీ. రీడింగులు వాటంతట అవే నెట్‌వర్క్‌లో వెళ్లిపోతాయి" అంది.

మనిషి పోతే పోయాడు, ఇప్పుడు ఆయన పని కూడా పోయిందన్నమాట. ఏమంటాను? "మంచిదమ్మా" అన్నాను.

పండక్కి ముందురోజు మధ్యాహ్నం ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ ఆఫీసరు తన సీటులో కూర్చునే మా మీటర్ల అంకెలు చూడాలి. కనబడితే మాకు ఏడాది పొడుగునా పని. కనబడకపోతే ఏమిటో నారాయణప్ప ముందే చెప్పేశాడు.

"ఇది తప్పిపోతే మేడ గాజులోళ్లకి బాడుగకి ఇచ్చేస్తానప్పా. నాకింక చేత కాదు."

గాజులవాళ్లకి గాజులమ్మేవాళ్లు కావాలి గానీ, ముత్తైదువలు చూసి మొహం తిప్పుకునే నేనెందుకు?

ఆ పొద్దునే ఆయుధపూజ పెట్టుకున్నాం. బెంగళూరులో స్క్రూడ్రైవరుకు కూడా బొట్టు పెట్టందే దసరా దాటదు. ఏటా మా అంగట్లో ఆ పని గిరిజమ్మది. ప్యాకింగు చేస్తుంది, నిండు ముత్తైదువ, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. ఆ రోజు ఆవిడ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఇక్కడేమో రాహుకాలం తరుముకొస్తోంది.

"ఆంజినమ్మా, నువ్వే పెట్టేసెయ్ బొట్లు" అన్నాడు నారాయణప్ప.

"నేనా సామీ? నేను పెట్టకూడదు."

"మిషన్లకేం తెలుస్తాది? టైమ్ అయిపోతా ఉండాది, పెట్టమ్మా."

మొగుడు పోయిన నాటి నుంచి కుంకుమ భరిణెల మీద దుమ్ము తుడిచాను గానీ మూత తీసి ఎరగను. ఆ రోజు తీశాను. ఒక్కో మీటరుకు గంధం, కుంకుమ, ఒక చామంతి. మా ఆయన కూర్చున్న చోటి పాత మీటరుకు కొంచెం పెద్ద బొట్టే పెట్టాను, ఎవరితోనూ అనకండి.

చివరగా బల్ల కిందికి దూరి నల్ల పెట్టెకూ పెట్టాను. అక్కడ కనబడింది నా శని. ఒక వైరు. ఒక కొస పెట్టెలోనే ఉంది, రెండో కొస గాలిలో వేలాడుతోంది. మిగతా వైర్లన్నీ పెట్టెకూ మీటరుకూ మధ్య చక్కగా కాపురం చేసుకుంటున్నాయి. ఇదొక్కటే దిక్కులేకుండా ఉంది. జత లేనిదాని బతుకు నాకు తెలీదా? పండగపూట ఇలా ఉంచుతారా అనుకుని, ఆ కొసను పట్టుకెళ్లి అదే పెట్టెలో పక్కనున్న ఖాళీ కంతలో తోశాను. టిక్‌మంది.

వెంటనే పెట్టె మీది దీపాలన్నీ గంగవెర్రులెత్తినట్టు ఆడడం మొదలుపెట్టాయి! అప్పటిదాకా బద్ధకంగా కన్ను కొడుతున్నవి, ఇప్పుడు జాతరలో సీరియల్ సెట్టులా వెలిగాయి. దేవుడు సంతోషించాడనుకున్నాను. చేతులు జోడించాను కూడా. పిచ్చోడి చేతిలో రాయి అంటారు. పిచ్చిదాని చేతిలో వైరు ఉంటే రాయి ఏపాటిది?

గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచేసరికి గిరిజమ్మ వచ్చింది. బొట్లు చూసింది. నన్ను చూసింది.

"ఎవరే పెట్టింది? నువ్వా?"

"సామి పెట్టమన్నాడు."

"సామి బావిలో దూకమంటే దూకుతావా? శుభమా అని కంపెనీవాళ్లు చూసే దినం, నీ చెయ్యే దొరికెనా!"

మధ్యాహ్నం కీర్తన మీటర్లన్నీ ఆన్ చేసింది. కంప్యూటరు చూసింది. మళ్లీ చూసింది.

"సార్, ఒక్క మీటర్ కూడా నెట్‌వర్క్‌లో కనబడట్లేదు."

"పొద్దున బాగనే ఉండె కదమ్మా?"

"ఉన్నాయి సార్! ఇప్పుడేమో కంప్యూటర్ కూడా హ్యాంగ్ అవుతోంది."

కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. మీటర్లను ఆపి మళ్లీ పెట్టింది. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఫోను: "ఏం కనబడడం లేదే?" కాసేపాగి మళ్లీ ఫోను. నారాయణప్ప తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కింద నుంచి గాజుల గలగల. దేవుడు వరమిచ్చినా పూజారి ఒప్పుకోడంటారు. ఇక్కడ పూజారిని నేనే, ఇక అడిగేదెవర్ని?

"నేను చెప్పలేదా?" అంది గిరిజమ్మ. "ఆ బొట్లు తుడిచేసెయ్ పో."

తడిగుడ్డ తీసుకుని ఒక్కో మీటరు బొట్టూ తుడిచాను. నాకు తుడిచిన రోజు ఎలా ఉందో ఆ రోజూ అలాగే ఉంది. తేడా ఏమిటంటే, అప్పుడు నా చుట్టూ జనం ఏడ్చారు, మీటర్లకు ఏడ్చేవాళ్లు లేరు. పాపం, పెళ్లీ వైధవ్యమూ వాటికి ఒక్క పూటలోనే అయిపోయాయి.

అయినా అంకెలు రాలేదు.

ఇక ఆగలేక కీర్తన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అమ్మా, నేను వెళ్లిపోతాను. నా చెయ్యి మంచిది కాదు. రేపు పసుపునీళ్లు చల్లించి, ముత్తైదువ చేత మళ్లీ పూజ చేయించండి."

"కుంకుమకూ నెట్‌వర్క్‌కూ సంబంధమేంటి ఆంటీ? ఊరుకోండి. ఇంకేదైనా ముట్టుకున్నారా?"

"ఇంకేం చెడ్డపని చెయ్యలేదమ్మా, మా ఆయన మీద ఒట్టు. చేస్తే ఒక మంచిపనే చేశాను. పాపం ఒక వైరు దిక్కులేకుండా వేలాడుతుంటే, పక్క కంతలో పెట్టాను."

కీర్తన కంప్యూటరు వదిలి నా వైపు తిరిగింది. "ఏ కంతలో?"

"అదే పెట్టెలో. రెండు కొసలూ ఒక ఇంట్లోనే ఉంటాయని..."

ఆ పిల్ల బల్ల కిందికి ఎలుకలా దూరి ఆ కొసను పీకేసింది. టిక్. దీపాలు ఒక్కసారిగా నెమ్మదించాయి. కంప్యూటరులో అంకెలు వరసగా దిగాయి. ఫోను మోగింది.

"ఇప్పుడు వస్తున్నాయి. ఏమయింది?"

నారాయణప్ప మెట్ల మీద నుంచి లేచి ఫోనందుకున్నాడు. "ఏమీ లేదు సార్. పూజ కొంచెం జాస్తి అయిపోయె."

కీర్తన నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పెట్టె ఒక కంతలోంచి పంపిన మాట, ఆ వైరు పట్టుకుని తిరిగి దాని చెవిలోకే వచ్చిందట. అది కొత్త మాటనుకుని పెట్టె మళ్లీ అందరికీ పంపిందట. అలా తిరిగీ తిరిగీ ఆ ఒక్క మాటతోనే ఇల్లంతా నిండిపోయి, మీటర్ల మాటకు దారి లేకుండా పోయిందట. మా వీధి కొళాయి దగ్గర నా గురించి మాటలు తిరిగేది అచ్చం అలాగే కాబట్టి నాకు చప్పున అర్థమయింది.

"అయితే నా చెయ్యి కాదా?"

"చెయ్యి కాదు ఆంటీ, తెలివి" అంది, నవ్వాపుకుంటూ.

తెలివితక్కువతనమట! నుదుటి రాత కాదట! జీవితంలో ఒకరు నన్ను తెలివితక్కువదానివంటే నాకు సంతోషంతో ఏడుపొచ్చింది ఆ ఒక్కసారే. గిరిజమ్మ కుంకుమ భరిణె తెచ్చి నా ముందు ఠక్కున పెట్టింది. "తుడిచింది నువ్వే కదా, నువ్వే పెట్టు. నాకు ప్యాకింగు ఉండాది."

పెట్టాను. ఆ పాత మీటరుకు మళ్లీ పెద్ద బొట్టే.

పగిలిన గుమ్మడికాయ సాక్షిగా ఒట్టేశాను: ఈ జన్మలో ఇంకే వైరుకూ పెళ్లి చెయ్యను. అది ఇప్పటికీ బల్ల కింద ఒంటరిగానే వేలాడుతోంది. రోజూ దాని చుట్టూ ఊడుస్తాను. దాని జోలికి నేను పోను, నా జోలికి అది రాదు. ఇద్దరం బాగానే ఉన్నాం.