చింతపండుతో తోమిన నక్షత్రం

1974లో మేము విశాఖ పోర్టు దగ్గర అద్దెకుండేవాళ్లం. మావారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడిన సిపాయి. ఏటా ఆగస్టు పద్నాలుగున తనకొచ్చిన నక్షత్రం పతకాన్ని చింతపండుతో తోమి, మర్నాడు చొక్కాకు తగిలించుకుని మా వీధి బడిలో జెండా వందనానికి వెళ్లేవారు.

మా అబ్బాయి నేవీలో చేరి అప్పటికి మూడేళ్లు. ఆ ఆగస్టులో సెలవుపై ఇంట్లోనే ఉన్నాడు. ఎవరి కొలువు గొప్పదని తండ్రీకొడుకులకు ఎప్పుడూ పోటీయే.

"ఓడలో యేడి అన్నం తింటా సేసేదీ ఒక డ్యూటీయేనేటిరా? బర్మాలో మేం ఆకులు తిన్నాం" అన్నారు మావారు, పతకం తగిలించుకుంటూ.

"ఆ బిళ్ల తెల్లోడిచ్చింది కదేటి నాన్నా! జెండా పండక్కి అదెట్టుకెళ్తే నవ్వుతారు. నాను దేశానికి సేత్తన్నాను" అన్నాడు వాడు నవ్వుతూనే.

ఆయన పతకం తీసి గూట్లో పెట్టి, ఉత్త చొక్కాతో వెళ్లి పిల్లల వెనక నిలబడ్డారు. తర్వాతి రెండు ఆగస్టులూ దాన్ని ముట్టుకోలేదు.

1977 జనవరిలో గుండెపోటుతో పోయారు. కబురంది వచ్చిన అబ్బాయి యూనిఫాం విప్పకుండానే గూట్లోంచి పతకం తీశాడు. అది నల్లబడిపోయింది. వంటింట్లో కూర్చుని చింతపండుతో తోమసాగాడు. పాడె సిద్ధమైందని మా మరిది పిలిచాడు.

"ఉండు సిన్నాన్నా, ఇంకా మెరవనేదు" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తడి పతకాన్నే తండ్రి గుండెల మీద పెట్టి సెల్యూట్ చేశాడు. పాడె లేపేముందు మళ్లీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఏటా ఆగస్టు పద్నాలుగున వాడే దాన్ని తోముతాడు. తళతళలాడుతుంది. తగిలించుకునే మనిషే లేరు.